మూలుగ తీసేటప్పుడు మూలగొద్దంటారు

ఎముక లోపలుండే మెత్తటి పదార్థం మూలుగ. నొప్పి పుడితే గొంతులోంచి వచ్చేది మూలుగు. రెండింటికీ చివర ఒక్క కొమ్ము తేడా. ఈ సంగతి నాకు మొదటిసారి తట్టింది ఎప్పుడంటే, ఓ పక్కకి తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, గోడ మీద పెచ్చులూడిన సున్నం చూస్తూ పడుకున్నప్పుడు. వెనకనుంచి ఎవరో "మూలగొద్దమ్మా, అయిపోయింది, అయిపోయింది" అంటున్నారు. అప్పటికి ఇంకా సూదే దిగలేదు.

మాది ఖమ్మం. స్కూల్లో లెక్కలు చెప్తాను. 2022 ఆగస్టులో నాకు బి సెల్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, వైద్యమంతా హైదరాబాద్‌లో జరిగింది. కీమో గురించి, ఊడిన జుట్టు గురించి, పరామర్శకొచ్చి బొప్పాయి ఆకు రసం తాగమన్న చుట్టాల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను బోన్ మ్యారో టెస్ట్, అంటే మూలుగ తీసి చూసే పరీక్ష, ఆ ఒక్కదాని గురించే రాస్తాను. ఏడుసార్లు చేయించుకున్నాను. అలవాటు పోక ప్రతిసారీ డైరీలో నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకున్నాను. వరసగా 9, 7, 8, 2, 6, 3, 4. నా గొడవంతా ఆ నాలుగో అంకెతోనే.

టెస్ట్ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. చాలామంది దీన్ని వెన్నులో నీళ్లు తీయడంతో కలిపేస్తారు, మా అత్తయ్య ఇప్పటికీ దీన్ని "వెన్నుపూస టెస్టు" అనే అంటుంది. అది వేరు. అదీ నాకు పదమూడుసార్లు అయింది, దీని ముందు అది ఏపాటిదీ కాదు. నడుము కింద వెనకవైపు అటొకటి ఇటొకటి చిన్న సొట్టలుంటాయి చూడండి, అక్కడ తుంటి ఎముక చర్మానికి బాగా దగ్గరగా వస్తుంది. బొటనవేలితో నొక్కి ఆ చోటు పట్టుకుంటారు. చల్లటి బెటాడిన్ పూసి, మధ్యలో రంధ్రం ఉన్న ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు. తర్వాత మత్తు సూది, లిగ్నోకైన్, మొదట చర్మంలోకి, ఆ తర్వాత ఎముక మీదుండే పొర దాకా. ఆ పొరకి నరాలెక్కువ, అసలు మొద్దుబారాల్సింది అదే. అప్పుడు జంషీదీ సూది వస్తుంది. ఖోస్రో జంషీదీ అనే ఇరానీ డాక్టర్ 1971లో ఈ సూది గురించి ప్రచురించాడు, ఆయన పేరే దానికి ఉండిపోయింది. పేరుకే సూది, చూడ్డానికి పిడి ఉన్న సన్నటి గొట్టం. వడ్రంగి బర్మాని అటూ ఇటూ తిప్పుతూ దింపినట్టే దింపుతారు. కర్ర స్థానంలో మనం ఉంటాం, అంతే.

ఇక్కడిదాకా మత్తు సరిగ్గా ఎక్కితే పెద్ద నొప్పి ఉండదు, ఒత్తిడి తెలుస్తుంది. అసలు సంగతి లాగుడు. మా చిన్నమామ ఆదివారం మటన్ వండితే నల్లి బొక్కని పళ్లెం అంచుకి ఠకఠకా కొట్టి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని జుర్రున పీలుస్తాడు. సిరంజితో చేసేదీ అదే పని, కాకపోతే ఇక్కడ బొక్క బతికున్న మనిషిది. లోపల ఒక్కసారిగా పీల్చినట్టయ్యి నొప్పి తొడ మీదుగా మోకాలి దాకా జల్లుమని పాకుతుంది. నాలుగైదు సెకన్లు. పురిటినొప్పులు పడ్డాను, కిడ్నీలో రాయికి పడ్డాను, ఈ నొప్పి ఆ జాతిది కాదు. పైనిచ్చిన మత్తు ఎముక లోపలికి చేరదు కాబట్టి ఈ లాగుడు నొప్పి ఎంత బాగా చేసినా కొంత ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేవాళ్లు ఎంత తక్కువమందో! (ఆ టెస్ట్ తర్వాత ఏడాది దాకా చిన్నమామ పక్కన కూర్చుని అన్నం తినలేదు. పాపం ఆయనకి కారణం తెలియదు.)

మొదటిసారి ఏం జరిగిందంటే, మత్తు సూది తీసిన వెంటనే పెద్ద సూది దింపారు. మధ్యలో ఎంత ఆగారు అంటే, నేను గట్టిగా రెండుసార్లు ఊపిరి తీసుకున్నంత. లిగ్నోకైన్ సరిగ్గా పట్టడానికి రెండు నుంచి ఐదు నిమిషాలు పడుతుందని నాకు అప్పుడు తెలియదు. ఎముక పొర దగ్గర సూది తిరుగుతుంటే కేక పెట్టాను. కదలొద్దన్నారు. సిరంజి లాగితే ఏమీ రాలేదు. దీన్ని డ్రై ట్యాప్ అంటారు, మూలుగ నిండా క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉంటే ఇలా ఒక్కోసారి జరుగుతుంది, అది ఎవరి తప్పూ కాదు. కానీ నాకెవరూ ఆ మాట చెప్పలేదు. "రావట్లేదు, ఇటు పక్క చూద్దాం" అన్నారు, నన్ను దొర్లించారు, అటూ రాలేదు. చివరికి ఎముకలోంచి చిన్న ముక్క తీసి, దాన్ని గాజు పలకలకి అద్ది చూశారు, మిగతా పరీక్షలు చేతి రక్తంతో చేశారు. ఆ ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసేటప్పుడు తల తిప్పి చూశాను. సేమ్యా తుంపంత ఉంది, రెండు సెంటీమీటర్లు కూడా లేదు. దీనికోసమా ఇంత అనిపించింది. బయట మా ఆయన నా కేక విని టీ గ్లాసు కింద పడేశాడట, ఆ తర్వాత ప్రతి టెస్ట్‌కీ వార్డు బయట కాదు, ఏకంగా ఆసుపత్రి గేటు బయట నిలబడేవాడు.

టెస్ట్ అక్కర్లేదని నేను అనను. ఇక్కడో చిన్న చరిత్ర గుర్తు చేసుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉండగా అక్కడ తయారైన అమైనోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలకి వైద్యం చేశాడు. 1948లో ప్రచురించాడు. పదహారుమంది పిల్లల్లో పదిమందికి కొంతకాలం గుణం కనిపించింది. ఆ మందుకి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని నేను రెండేళ్లపాటు వారానికోసారి మింగాను, పసుపుపచ్చటి చిన్న మాత్రలు. ఫార్బర్ ఆ పిల్లల మూలుగని కూడా తీసి చూశాడు. మందు పనిచేస్తోందా లేదా అన్నది అప్పుడూ అక్కడే తెలిసేది, మా జబ్బులో ఇప్పుడూ అక్కడే తెలుస్తుంది. కీమో అయ్యాక రక్తం మామూలుగానే కనిపించవచ్చు, మూలుగలో మాత్రం పదివేల కణాల్లో ఒకటి దాక్కుని ఉండొచ్చు. ఆ ఒకదాన్ని వెతికే పరీక్షే ఎంఆర్‌డీ. దాని మీదే మిగతా వైద్యం ఆధారపడుతుంది. కాబట్టి టెస్ట్ చేయించుకోవాల్సిందే, అందులో తగవు లేదు.

కానీ చేసే తీరు? రెండోది కీమో మొదలైన ముప్పై మూడో రోజున చేశారు. ఎంఆర్‌డీకి సిరంజిలో మొదట వచ్చిన మూలుగే పంపాలి, ఎందుకంటే రెండోసారి మూడోసారి లాగేకొద్దీ దాంట్లో మామూలు రక్తం కలిసిపోతుంది. నా మొదటి సిరంజి స్లైడ్లకి వాడేశారు. ఆ తర్వాత లాగినది ఎంఆర్‌డీ ట్యూబులో పోశారు. ఆ ట్యూబుని ఐస్ ప్యాక్‌తో డబ్బాలో పెట్టుకుని ఆటోలో ల్యాబ్‌కి మోసుకెళ్లింది మా తమ్ముడే. నాలుగు రోజులకి రిపోర్టు: శాంపిల్‌లో రక్తం ఎక్కువ కలిసింది, మళ్లీ పంపండి. అంటే మూడో టెస్ట్ నా జబ్బు కోసం కాదు, రెండో టెస్ట్‌లో ఒక ట్యూబు ముందూ వెనకా అయినందుకు! మూలిగే నక్క మీద తాటిపండు అని ఊరికే అనలేదు. ఆ రోజు డైరీలో 8 వేశాను. నొప్పి నిజానికి ఆరుంటుందేమో, మిగతా రెండు కోపానివి.

ఇక నాలుగోది.

చేసినావిడ సీనియర్ కాదు, పీజీ చదువుతున్న అమ్మాయి, రెండో సంవత్సరం, నాకంటే పదేళ్లు చిన్నది. సన్నటి చేతులు చూసి ఈ పిల్ల ఎముకలో సూది ఏం దింపుతుందిలే అనుకున్నాను. వచ్చి నా ముఖం వైపు కూర్చుంది, వీపు వైపు కాదు. "ఇంతకుముందు ఎన్ని అయ్యాయి అక్కా? వాటిలో ఏది బాగా బాధ పెట్టింది?" అని అడిగింది. మూడుసార్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. లాగుడు అన్నాను, మత్తు పట్టకముందే మొదలుపెట్టడం అన్నాను. సరే అంది. మత్తు సూది మెల్లగా ఇచ్చింది, ఎముక పొర మీద ఒకచోట కాకుండా చుట్టూ నాలుగైదు చోట్ల. ఆ తర్వాత గోడ గడియారం చూసి, "ఐదు నిమిషాలు ఆగుదాం" అంది. నిజంగానే ఆగింది. ఆ ఐదు నిమిషాలూ మా స్కూలు గురించి మాట్లాడుకున్నాం, ఆమెకి పదో తరగతిలో లెక్కల్లో 94 వచ్చాయట, ఆరు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత సూది మొనతో తట్టి "ఇది గుచ్చుకుంటోందా, ఊరికే తగులుతోందా?" అని అడిగింది. ఊరికే తగులుతోంది. తిప్పేటప్పుడు ఒత్తిడి తప్ప ఏమీ తెలియలేదు. లాగే ముందు "ఇది ఉంటుంది అక్కా, ఐదు లెక్కపెట్టండి" అంది. నాలుగు దగ్గర అయిపోయింది. టెక్నీషియన్ స్లైడు వాల్చి లైటు కింద చూసి "పార్టికల్స్ వచ్చాయి మేడం" అన్నాడు. గాజు మీద చక్కెర నలకల్లా మెరుస్తున్నాయి, అవే మూలుగ తునకలు. నాకూ చూపించింది.

అందరూ నేను సంతోషపడ్డానని అనుకున్నారు. సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాను. రాత్రి ప్రెషర్ బ్యాండేజ్ మీద వెల్లకిలా పడుకుని ఉండగా ఏడుపొచ్చింది, ఏడుపు కాదు, కోపం. మొదటి మూడింటి నొప్పి మీద కోపం రాలేదు, మూడోసారి వచ్చిన కోపం ఆ ట్యూబు మీదే. ఈ టెస్ట్ అంటే ఇంతే కాబోలు, క్యాన్సర్ అన్నాక భరించాలి కదా అనుకున్నాను. నాలుగోది చూశాకే తెలిసింది, అది జబ్బు నొప్పి కాదని. అదే ఆసుపత్రి, అదే గది, అదే మందు, అదే సూది. మారింది ఐదు నిమిషాలు, రెండు ప్రశ్నలు. మొదటి టెస్ట్‌కీ నాలుగో టెస్ట్‌కీ మధ్య ఏడు మార్కుల తేడాని ఎవరో ఒకరు నాకు బాకీ ఉన్నట్టు అనిపించింది.

నాలుగోసారికి అలవాటుపడి ఉంటావు, అందుకే తగ్గిందేమో అని మా ఆడపడుచు అంది. మరి ఐదోది 6 ఎందుకైంది? అప్పుడు వేరే డాక్టర్, హడావుడిలో ఉన్నారు, ఆగమని అడిగితే "మత్తు పట్టేసిందమ్మా, నాకు తెలుసు" అన్నారు. ఎవరి చర్మం మొద్దుబారిందో ఎవరికి తెలియాలి? ఇంకో సంగతి, ఈ టెస్ట్‌కి అలవాటు అనేది పనిచేయదు, పైగా తిరగబడుతుంది. ఆరో టెస్ట్ ముందు రాత్రి నాకు నిద్ర లేదు, బెటాడిన్ వాసనకే కడుపులో తిప్పింది. స్వీడన్‌లో 235 మంది పెద్దవాళ్లని అడిగి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు, వాళ్లలో 70 శాతం మంది నొప్పి కలిగిందనే చెప్పారు. ఫలితం ఏమొస్తుందో, సూది ఎలా ఉంటుందో అని భయపడేవాళ్లకి నొప్పి ఎక్కువ ఉన్నట్టు కూడా అందులో తేలింది. దీన్ని పట్టుకుని "చూశావా, నీ టెన్షన్ వల్లే నొప్పి" అనేవాళ్లుంటారు. నేను తిప్పి చదువుతాను: మొదటిసారి పాడుచేస్తే ఆ భయం ఆరుసార్లు వెంటాడుతుంది, కాబట్టి అందరికంటే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాల్సింది మొదటిసారి వచ్చిన మనిషి దగ్గర.

పిల్లల సంగతి చూడండి. లుకేమియా పిల్లలకి ఈ టెస్ట్ చాలాచోట్ల నిద్రపుచ్చే చేస్తారు. చెయ్యాలి కూడా. పద్దెనిమిది నిండగానే ఎముక మీది పొరకి నరాలు తగ్గిపోతాయా? మా చిన్నాన్న కూతురు ఇంగ్లండ్‌లో నర్సు, అక్కడ పెద్దవాళ్లకి కూడా ఈ టెస్ట్ చేసేటప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో కాన్పులకి వాడే గ్యాసే పీల్చమంటారట, నైట్రస్ ఆక్సైడ్ సగం, ఆక్సిజన్ సగం. మనిషి స్పృహలోనే ఉంటుంది, నొప్పి దూరంగా ఎక్కడో జరుగుతున్నట్టు ఉంటుంది. మన దగ్గర పెద్దవాళ్లకి ఏమిస్తారు? "ధైర్యంగా ఉండాలమ్మా" అనే మాట ఇస్తారు. నేను ఆరోసారి నా అంతట నేను అడిగాను, నిద్రమత్తు ఇవ్వడం కుదురుతుందా అని. కుదిరింది! ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మానిటర్ పెట్టాలి, మత్తు డాక్టర్ ఉండాలి, బిల్లు పెరిగింది. డైరీలో 3, అది కూడా మెలకువ వచ్చాక వచ్చిన సలుపుకి. ఐదుసార్లు అయ్యేదాకా అలాంటి దారి ఒకటుందని నాకెవరూ చెప్పలేదు, నేనడిగితేనే తెలిసింది.

డాక్టర్ల వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఒక్క పొద్దున్నే పది పన్నెండు మూలుగ టెస్టులుంటాయి, వరండాలో బెంచీల మీద జనం కేస్ షీట్లు పట్టుకుని కూర్చునుంటారు. అందరికీ నిద్రమత్తు అంటే మత్తు డాక్టర్లు ఎక్కడినుంచి వస్తారు? నిద్రమత్తుకి దాని ప్రమాదాలు దానికున్నాయి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఇవ్వడానికి భయపడతారు, భయపడాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నేనడిగే వాటిలో ముఖ్యమైనదానికి మత్తు డాక్టర్ అక్కర్లేదు, గడియారం చాలు. ఒకరికి మత్తు సూది ఇచ్చి, అది పట్టేలోపు పక్క మంచం మీదవాళ్లకి ఇచ్చి రావొచ్చు. చెన్నూరు బిర్యానీ వండేవాడు కూడా ఒక పొయ్యి మీద దమ్ము పెట్టి రెండో పొయ్యి వెలిగిస్తాడు. డాక్టర్ సరేనంటే గంట ముందు ఒక నొప్పి మాత్ర వేసుకోవచ్చు. లిగ్నోకైన్ ఎక్కించేటప్పుడు వచ్చే మంట, అందులో కాస్త సోడియం బైకార్బొనేట్ కలిపితే తగ్గుతుంది, ఈ సంగతి డాక్టర్లకి కొత్తేమీ కాదు. వీటిలో ఏది ఖరీదైనది?

జూనియర్లు చేయకూడదని కూడా నేననను. పేషెంట్లు చాలామంది అదే గొడవ పెడతారు, "పెద్ద డాక్టర్‌తోనే చేయించండి" అని. నాకు 9 తెప్పించింది పెద్ద డాక్టరే, 2 తెప్పించింది చదువుకునే పిల్ల. వాళ్లు ఎవరి మీదో ఒకరి మీద నేర్చుకోవాలి. నా మీద నేర్చుకోండి, నాకు అభ్యంతరం లేదు, టీచర్ని, నేర్చుకునేవాళ్లంటే ఇష్టమే. నాకు ముందు చెప్పండి, పక్కన తెలిసినవాళ్లు నిలబడండి, రెండు ప్రయత్నాల్లో రాకపోతే చేయి మార్చండి. ఏడోసారి అలాగే జరిగింది, మొదటిసారి చేస్తున్న కుర్రాడు, చెమటలు పట్టాయి, నేనే "ఆగు బాబూ, ఇంకా తెలుస్తోంది, రెండు నిమిషాలు ఆగు" అన్నాను. ఆగాడు. 4 వేశాను, చేతికొత్త అయినందుకు ఒక మార్కు సర్దుబాటు చేశాక.

ఇంకొకటి, ఇది పేషెంట్ల వైపు తప్పు. మనం అడగం. ఈ టెస్ట్ దేనికి, ఇందులో ఇలా వస్తే ఏం మారుతుంది, అలా వస్తే ఏం మారుతుంది అని అడగం. మా హెడ్‌మాస్టర్ గారి తమ్ముడికి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఆయనకి జబ్బు కనిపెట్టినప్పుడు ఒక్కసారి మూలుగ తీశారు, ఆ తర్వాత రోజూ ఇమాటినిబ్ మాత్ర, కొన్ని నెలలకోసారి చేతి రక్తంతో పీసీఆర్ అనే పరీక్ష, అంతే. నన్ను చూసి ఆయన "నాకు మళ్లీ చేయట్లేదేంటి, సరిగ్గా చూడట్లేదా?" అని బెంగపడ్డాడు. జబ్బుని బట్టి లెక్క మారుతుంది. ఆయన జబ్బులో రక్తమే చాలావరకు చెప్పేస్తుంది, నా జబ్బులో మూలుగలో దొరికేది రక్తంలో దొరక్కపోవచ్చు. ఈ తేడా నాకు ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే ఇన్నిసార్లు ఎందుకు తీస్తున్నారో తెలియక నేను అన్ని రాత్రులు కొట్టుకునేదాన్ని కాదు. ఎందుకో తెలిసిన నొప్పికీ, తెలియని నొప్పికీ నా డైరీలో కనీసం ఒకటిన్నర మార్కు తేడా ఉంది.

ఆ "ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అనే మాట కూడా ఇక మానేస్తే బాగుంటుంది. ప్రేమతోనే అంటారు, తెలుసు. నేనూ టీకాలకి వచ్చిన స్కూలు పిల్లలకి అదే మాట చెప్పాను, ఎన్నోసార్లు. కానీ చీమ అని చెప్పి తేలు కుట్టిస్తే, తర్వాత మీరు "కీమోతో తగ్గిపోతుంది" అన్నప్పుడు కూడా నేను అనుమానంగానే వింటాను కదా.

ఈ జనవరిలో చెకప్‌కి వెళ్లాను. రక్తపరీక్ష మాత్రమే. వరండాలో నా పక్కన పంతొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రాడు, చేతికి క్యాన్యులా, కేస్ షీట్ నలిపేస్తున్నాడు. వాళ్లమ్మ సూర్యాపేట దగ్గర పల్లె నుంచి. నన్ను చూసి, "నువ్వు చేయించుకున్నవా బిడ్డా? ఎన్నయినయి?" అని అడిగింది, కాన్పులు అడిగినట్టు. ఏడు అన్నాను. కుర్రాడి ముఖం పాలిపోయింది. "నొప్పి ఉంటుందా అక్కా?" అన్నాడు. వాళ్లమ్మ నా వైపు కళ్లతోనే వద్దని చెప్తోంది.

ఉంటుంది అన్నాను. మత్తు సూది మంట కొంచెం, తర్వాత ఒత్తిడి, లాగేటప్పుడు నాలుగైదు సెకన్లు గట్టిగా, అప్పుడు ఐదు లెక్కపెట్టు. మొదలుపెట్టే ముందు మాత్రం ఒక్కటి అడుగు, మత్తు ఇచ్చాక ఎంతసేపు ఆగుతారు అని. తెలుస్తుంటే తెలుస్తోందని చెప్పు, సిగ్గుపడకు. వాడు తలూపాడు, పేరు పిలిస్తే లేచి వెళ్లాడు. వాళ్లమ్మ అరగంట సేపు నాతో మాట్లాడలేదు.

తర్వాత స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి తీసుకొచ్చారు. నన్ను చూసి చేయెత్తి మూడు వేళ్లు చూపించాడు. నొప్పి పదికి మూడా, ఆగింది మూడు నిమిషాలా అని అడిగేలోపే స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్లిపోయింది.